మ్యూనిక్ నగరపు 'పాత పచ్చిక': మేము చూసినది, మనం నేర్వదగినది
(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఉత్సవంలో నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గంవారు మమ్మల్ని కోరారు. మేము పండితులం కాము. మా తాతగారు శ్రీకాకుళం ప్రాంతం నుంచి ఓడెక్కి వచ్చి పేరాక్‌లో రబ్బరు తోటలో చేరినవారు. ఆ లెక్కన ఈ మలేషియా నేలమీద మాది మూడో తరం. ముప్పై ఏళ్ళకు పైగా ప్రభుత్వ పాఠశాలలో మలాయి భాషలో లెక్కలు చెప్పాం. మా తెలుగులో సగం అమ్మమ్మగారి నోట విన్నది. మిగిలిన సగం నలభయ్యో ఏట సాయంకాలపు తరగతిలో, మనుమల వయసు పిల్లల పక్కన కూర్చుని దిద్దుకున్నది. కనుక భాషలో దోషాలుంటే పెద్దలు మన్నించాలి.

మేము చెప్పబోయేది ఉగాది గురించి కాదు, సంక్రాంతి గురించీ కాదు. జర్మనీ దేశంలో బవేరియా రాష్ట్రపు జాతర గురించి. తెలుగు పండుగ నాడు జర్మనీ ముచ్చట ఎందుకని మీకు అనిపించవచ్చు. తమ పాతదాన్ని చేజారిపోనీయకుండా పట్టుకోవడానికి తంటాలు పడుతున్నవాళ్ళం మనమొక్కళ్ళమే అనుకుంటాం. సొంత ఊళ్ళో, సొంత నేలమీద, సొంత ప్రభుత్వం ఉన్నవాళ్ళకు కూడా ఆ తంటాలు తప్పలేదని మేము కళ్ళారా చూశాం. అందుకే ఈ నాలుగు మాటలు.

మా చిన్నమ్మాయి మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తోంది. 2023 సెప్టెంబరులో మేమూ మా ఇంటావిడా అక్కడ మూడు వారాలు ఉన్నాం. ఆ రోజుల్లోనే అక్టోబర్‌ఫెస్ట్ జరుగుతోంది. పేరు అక్టోబరుదే కాని, పండుగ మొదలయ్యేది సెప్టెంబరులో. జరిగే చోటు నగరం మధ్యలో తెరేజియన్‌వీజె అనే మైదానం. సుమారు 42 హెక్టార్లు, అంటే నూరెకరాల పైచిలుకు. ఊరివాళ్ళు ముద్దుగా 'వీజ్న్' అంటారు. పచ్చిక అని అర్థం. ఇప్పుడక్కడ పచ్చిక తక్కువ, తారు రోడ్లు ఎక్కువ.

ఈ జాతర పుట్టుక ఒక పెళ్ళి. 1810 అక్టోబరు 12న బవేరియా యువరాజు లుడ్విగ్‌కు తెరేజె అనే రాకుమార్తెతో వివాహమైంది. 17వ తేదీన ఊరి వెలుపల పచ్చికబీట్లో గుర్రప్పందాలు పెట్టారు. పెళ్ళికూతురి పేరే ఆ బీటికి పెట్టారు. మరుసటి ఏడు, 1811లో, పందాలకు తోడు పశువుల ప్రదర్శన, వ్యవసాయ ప్రదర్శన చేర్చారు. 1818లో రంగులరాట్నం, ఉయ్యాలలు వచ్చాయి. 1819లో నిర్వహణ నగరపాలకుల చేతికి వచ్చింది. 1850లో మైదానం అంచున బవేరియా మాత కంచు విగ్రహం వెలిసింది. పద్ధెనిమిది మీటర్ల పైన ఎత్తు. లోపల మెట్లెక్కి తలలోంచి బయటికి చూడవచ్చు. మా మోకాళ్ళు ఒప్పుకోలేదు గాని మా అమ్మాయి ఎక్కింది. కలరా వచ్చినప్పుడు, యుద్ధాలు వచ్చినప్పుడు పండుగ ఆగింది. 1854లో కలరా వల్ల పండుగ ఆగిన ఏడే ఆ తెరేజె రాణి కూడా కలరాతో కన్నుమూసింది. మొన్న 2020, 2021 సంవత్సరాల్లో కరోనా వల్ల మళ్ళీ ఆగింది.

ఒక్క విషయం గమనించండి. 1810లోనే, ఆ మొట్టమొదటి పండుగలోనే, పిల్లలను జంటలు జంటలుగా ఆయా ప్రాంతాల వేషాలలో అలంకరించి రాజుగారి ముందు నిలబెట్టారు. బవేరియా రాజ్యమై అప్పటికి నాలుగేళ్ళే. కొత్తగా కలిసిన ప్రాంతాలవాళ్ళకు 'మనమంతా ఒకటి' అనిపించడానికి చేసిన ఏర్పాటది. అంటే ఇవాళ మనం పాతదని మురిసిపోయేది కూడా ఒకనాడు ఎవరో కూర్చుని ఆలోచించి ఏర్పాటు చేసినదే. ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఈ సంగతి తెలిశాక మాకు కొంత ధైర్యం కలిగింది. మన సంఘం పండుగలు కూడా ఏర్పాటు చేసుకున్నవే కదా.

ఇక మేము చూసిన ఏటి లెక్క వినండి. పద్ధెనిమిది రోజులలో సుమారు 72 లక్షల మంది వచ్చారని నగరంవారు ప్రకటించారు. 65 లక్షల లీటర్ల బీరు ఖర్చయింది. ఒక లీటరు ముంత ధర 12 యూరోల 60 సెంట్ల నుంచి 14 యూరోల 90 సెంట్ల దాకా. మేము మద్యం ముట్టని వాళ్ళం. నిమ్మసోడాతో సరిపెట్టుకున్నాం. పెద్ద గుడారాల్లో వేలమంది బల్లలమీద నిలబడి పాడుతున్నారు. చెవిలో అరిస్తేగాని పక్కవాడి మాట వినపడదు. సాయంత్రం ఆరుగంటల దాకా బాకాల మేళమే వాయించాలి, శబ్దం 85 డెసిబెళ్ళు దాటకూడదు అని 2005లో నియమం పెట్టారట. ముసలివాళ్ళు, పిల్లాపాపలు గలవాళ్ళు రావడం మానేస్తారేమోనన్న భయంతో పెట్టిన నియమం అది. ఆరు దాటాక మాత్రం ఎవరి దారి వారిదే.

మేము ప్రత్యేకంగా చెప్పదలచుకున్నది ఈ పెద్ద జాతర గురించి కాదు. దాని దక్షిణపు అంచున చిన్న ప్రహరీ కట్టి వేరు చేసిన మరో జాతర ఉంది. పేరు 'ఓయ్‌డె వీజ్న్'. బవేరియా యాసలో 'పాత పచ్చిక' అని అర్థం. 2010లో పండుగకు రెండు వందల ఏళ్ళు నిండినప్పుడు, పూర్వం ఎలా ఉండేదో ఒక్క ఏడు చూపిద్దామని పెట్టారు. ఆగిపోయిన గుర్రప్పందాలు కూడా ఆ ఏడు మళ్ళీ నడిపారు. జనం విరగబడి వచ్చారు. ఒక్క ఏటికని మొదలుపెట్టినది నిలిచిపోయింది.

లోపలికి వెళ్ళడానికి మేము నాలుగేసి యూరోలు ఇచ్చాం. పెద్ద జాతరకు ప్రవేశ రుసుము లేదు. పిల్లలకు ఇక్కడా లేదు. గుమ్మం దాటగానే మా ఇంటావిడ "చెవులు తేలికపడ్డాయండీ" అంది. గొలుసులకు వేలాడే కుర్చీల రాట్నం తిరుగుతోంది. పెద్ద జాతరలో కంటే ఇక్కడ రాట్నాలకు ధర తక్కువ. బీరు కూడా గాజు ముంతల్లో కాకుండా పూర్వపు మట్టి ముంతల్లో పోస్తున్నారు. ఒక గుడారం అచ్చంగా మ్యూజియం. పాత రాట్నాలు, జాతరవాళ్ళ బళ్ళు, గాలితిత్తులతో మోగే పెద్ద వాద్యం అక్కడ ఉంచారు. వాటిని అద్దాల పెట్టెల్లో పెట్టి తాళం వేయలేదు. తిప్పుతున్నారు, వాయిస్తున్నారు, పిల్లల్ని ఎక్కనిస్తున్నారు. మా తాతగారు చెప్పిన శ్రీకాకుళం తీర్థాల ముచ్చట్లు మాకు గుర్తుకొచ్చాయి. తీర్థమంటే ఆయన దృష్టిలో దేవుడొక పాలు, రాట్నాలు, జీళ్ళు, తప్పెటగుళ్ళు మూడు పాళ్ళు.

తప్పెటగుళ్ళంటే గుర్తొచ్చింది. 'ట్రాడిషన్' అనే గుడారంలో షూప్లాట్లర్ అనే నాట్యం చూశాం. మోకాళ్ళ పైకి ఉన్న తోలు లాగులు తొడుక్కున్న మగవాళ్ళు ఎగిరి తొడలమీద, మోకాళ్ళమీద, చెప్పుల అట్టలమీద అరచేతులతో తాళం ప్రకారం చరుస్తారు. ఆడవాళ్ళు బొంగరాల్లా గిరగిర తిరుగుతారు. మన ఉత్తరాంధ్ర తప్పెటగుళ్ళవారు రొమ్ముమీద తప్పెట కట్టుకుని వాయిస్తూ ఎగరడం లేదూ? దేశాలు వేరు గాని ఒంటినే వాద్యంగా చేసుకునే ఆ ఉత్సాహం ఒకటే. తరువాత కొరడాల మేళం వచ్చింది. పూర్వం బండ్లవాళ్ళు తమ రాకను దూరం నుంచే తెలపడానికి కొరడా ఝళిపించేవారట. ఇప్పుడు బళ్ళు లేవు. కొరడా మాత్రం బాకాకు తాళమై కూర్చుంది.

ఆ నాట్యబృందంలో పదేళ్ళ పిల్లవాడొకడు డెబ్భై దాటిన తాత పక్కన నిలబడి చరుస్తున్నాడు. ఒకచోట తడబడ్డాడు. తాత ఆగలేదు, కసరలేదు. కనుసైగ చేసి ఒక లెక్క వదిలి కలుపుకున్నాడు. బడిపంతులుగా చెబుతున్నాం, అది ఆ పూట నేర్పితే వచ్చేది కాదు. వారం వారం కూర్చుని సాధన చేసినవాళ్ళకే వస్తుంది.

మరొక గుడారం పేరు 'హెర్జ్‌కాస్పెర్ల్'. 2009లో మరణించిన యోర్గ్ హూబె అనే నటుడి వేషం పేరది. అక్కడ కుర్రవాళ్ళు పాత వరుసలకు కొత్త మాటలు, కొత్త వాద్యాలు కలిపి పాడుతున్నారు. ముసలివాళ్ళు ముఖం చిట్లించలేదు, అడుగు కలిపారు. అడుగులు తెలియనివాళ్ళకు ఒకావిడ వేదిక దిగివచ్చి నేర్పింది. మా ఇంటావిడ చీరతోనే వెళ్ళి నాలుగు చుట్లు తిరిగి వచ్చింది. ఎవరూ వింతగా చూడలేదు.

మాతో మా అమ్మాయి ఇంటి యజమానురాలు కూడా వచ్చింది. ఎనభై దగ్గరపడిన పెద్దావిడ, కొండల దగ్గరి ఊరి మనిషి. ఆవిడ మాట్లాడేది బవేరియా భాష. పుస్తకాల జర్మన్ నేర్చిన మా అమ్మాయికి సగమే అర్థమవుతుంది. యునెస్కోవారు 2009లో అచ్చువేసిన అపాయంలో ఉన్న భాషల పట్టికలో బవేరియా భాష కూడా ఉంది. ఆవిడ అన్నమాట మా అమ్మాయి మాకు తెలిగించి చెప్పింది. "నేను నా భాషలో అడుగుతాను. మనవలకు అర్థమవుతుంది. జవాబు మాత్రం బడి భాషలో చెబుతారు."

సోదరీసోదరులారా, ఈ మాట మన ఏ ఇంట్లో వినపడటం లేదు? అమ్మమ్మ తెలుగులో "తిన్నావురా?" అంటే మనవడు ఇంగ్లీషులోనో, మలాయిలోనో జవాబు చెబుతాడు. ఓడెక్కి సముద్రం దాటాం గనుక భాష పోయిందని మనం సరిపెట్టుకుంటున్నాం. ఆవిడ పుట్టిన ఊరు దాటి నూరు మైళ్ళు కూడా పోలేదు!

ఆవిడనే అడిగాం: "ఇదంతా చూస్తే మీకు సంతోషంగా ఉందా?" ఆవిడ కాసేపు ఆలోచించి, "డబ్బు కట్టి లోపలికి వచ్చి చూసేది పాతకాలం కాదు. కాని ఆ పిల్లవాడు చరిచే చరుపు ఉందే, అది ఈనాటిది, వాడి సొంతం" అంది.

ఆ తోలు లాగుల చరిత్ర కూడా తెలుసుకున్నాం. పంతొమ్మిదో శతాబ్ది చివరికి అవి దాదాపు మూలబడ్డాయి. కొండ ఊళ్ళలోనూ పట్నపు బట్టలే. అప్పుడు 1883లో బైరిష్‌సెల్ అనే ఊళ్ళో యోసెఫ్ ఫోగ్ల్ అనే బడిపంతులు కొద్దిమంది మిత్రులను కూడగట్టి, తలా ఒక లాగు కుట్టించి, దుస్తుల పరిరక్షణకు సంఘం పెట్టాడు. ఆ కోవలో అదే మొదటి సంఘం. నలుగురూ నవ్వి ఉంటారు. 1913లో చర్చి అధికారులు మోకాళ్ళు కనపడే ఆ లాగులు మర్యాద కావన్నారు కూడా. అయినా ఊరూరా సంఘాలు లేచాయి. 1950 నుంచి ఏటేటా పండుగ మొదటి ఆదివారం నాడు మ్యూనిక్ వీధుల్లో సుమారు తొమ్మిదివేల మంది రకరకాల ప్రాంతాల దుస్తుల్లో ఏడు కిలోమీటర్లు ఊరేగుతున్నారు. దాని వెనుక రాజాజ్ఞ లేదు. ఒక బడిపంతులు, కొద్దిమంది మిత్రులు. వృత్తి బంధువు గనుక ఆయనంటే మాకు కొంచెం పక్షపాతం ఉన్నమాట నిజమే.

ఇక్కడ ఒక చేదు సంగతి కూడా చెప్పాలి. ఈనాడు బవేరియా ఆడవాళ్ళు గర్వంగా కట్టుకునే 'డిర్న్‌డ్ల్' గౌను ఒకప్పుడు పనిమనుషుల బట్ట. దాన్ని అందంగా తీర్చి పట్నవాసుల మనసుకెక్కించినవారిలో జూలియస్ వాలాక్, మోరిట్జ్ వాలాక్ అనే అన్నదమ్ములు ముఖ్యులు. 1910లో నూరేళ్ళ పండుగ ఊరేగింపుకు దుస్తులు సమకూర్చినవారు వారే. వారు యూదులు. 1933 నుంచి నాజీలు యూదులను ఆ పండుగలో పనికి రానివ్వలేదు. 1938లో వాలాక్‌ల దుకాణం వారి చేతుల్లోంచి లాక్కున్నారు. ఆ కుటుంబంలో కొందరు దేశం విడిచి బతికారు, కొందరు చంపబడ్డారు. ఆ బట్టకు అందం తెచ్చిన చేతులను 'మీరు మావాళ్ళు కారు' అని తరిమేశారు. మైదానం ముఖద్వారం దగ్గర మరో స్మారకచిహ్నం ఉంది. 1980 సెప్టెంబరు 26 రాత్రి జాతి దురభిమాని ఒకడు పెట్టిన బాంబుకు పన్నెండుమంది బలయ్యారు, వాడూ పోయాడు. రెండువందల మందికి పైగా గాయపడ్డారు. పాతదనం మీద ప్రేమ మంచిదే. అది 'ఎవరు మనవాళ్ళు, ఎవరు కారు' అని వేలు చూపించడం మొదలుపెట్టిననాడు విషమవుతుంది. ఇది ఆ ఊరివాళ్ళు రాతిలో చెక్కి చెబుతున్నారు.

మేము తిరిగి వచ్చిన మరుసటి ఏడు, 2024లో, 'పాత పచ్చిక' జరగలేదు. ఎందుకో తెలుసా? 1811లో మొదలైన ఆ వ్యవసాయ ప్రదర్శన ఇప్పటికీ బతికే ఉంది. నాలుగేళ్ళకొకసారి వస్తుంది. దాని చోటు మైదానపు ఆ దక్షిణపు వైపే. ఆవులు, ఎద్దులు, ట్రాక్టర్లు, రైతులు వచ్చిన ఏడు 'పాత పచ్చిక' పక్కకు తప్పుకోవాలి. 2025లో మళ్ళీ పెట్టారు. ఈ కబురు మా అమ్మాయి ఫోనులో చెప్పినప్పుడు మాకు నవ్వూ వచ్చింది, ఆలోచనా వచ్చింది. పాతను తలచుకునే జాతర తప్పుకుని, బతికి ఉన్న పాతకు చోటిచ్చింది. అది న్యాయమే.

ఇప్పుడు మన సంగతి. ఒకప్పుడు మన తోటలలో తెలుగు బడులు ఉండేవి. తోటలు చెదిరాయి, బడులు మూతపడ్డాయి. మిగిలింది మన సంఘం నడిపే సాయంకాలపు తరగతి. ఈ ఏడు అందులో పదకొండుమంది పిల్లలే ఉన్నారు. హాలు అద్దె పెరిగింది. తరగతి ఆపి, ఆ డబ్బు కలిపి వచ్చే ఏడు ఉత్సవానికి పేరున్న సినిమా గాయకుణ్ణి పిలిపిద్దామన్న తీర్మానం రాబోయే సర్వసభ్య సమావేశానికి వస్తోంది. ఆ తీర్మానం తెచ్చినవారు మన మేలు కోరేవారే. జనం రాకపోతే సంఘం ఎలా నిలుస్తుందని వారి బాధ. ఆ బాధ మాకు తెలుసు. సినిమా పాటల మీద మాకు కోపం లేదు. మా ఇంట్లోనూ మోగుతాయి.

కాని ఒక్కసారి ఆలోచించండి. ఉత్సవం ఒక్క రోజుది. తరగతి ఏడాది పొడుగునా జరిగేది. ఆ బవేరియా పిల్లవాడు వారం వారం సాధన చేయకుండా ఉంటే ఆనాడు ఆ వేదికమీద చూపించడానికి ఏముంటుంది? ప్రహరీ, గుడారం, టిక్కెట్టు మిగిలేవి. పిల్లవాడు ఉండడు. మనం కూడా తరగతి మూసేసి ఉత్సవం పెంచుకుంటూ పోతే, పది ఏళ్ళ తరువాత ఈ వేదికమీద తెలుగులో స్వాగతం చెప్పడానికి మనిషిని మద్రాసు నుంచో హైదరాబాదు నుంచో తెప్పించుకోవాలి.

అందుకని మేము మూడు సూచనలు మీ ముందుంచుతున్నాం.

మొదటిది. పెద్ద జాతరను తిట్టుకుంటూ కూర్చోవద్దు. మ్యూనిక్‌లో పెద్ద జాతరకు వచ్చిన జనంలోంచే పాత పచ్చికకు జనం వస్తున్నారు. సినిమా గాయకుడు రావచ్చు. అయితే ఉత్సవం టిక్కెట్టు ఒక్కొక్కదాని మీద రెండు రింగిట్లు తరగతి అద్దెకు కేటాయించాలి. గాయకుడు వస్తే జనం ఎక్కువ. జనం ఎక్కువైతే అద్దెకు కొరత ఉండదు.

రెండవది. వచ్చే ఉత్సవంలో ఈ ప్రాంగణంలోనే ఒక మూల మన పెద్దలకు ఇవ్వాలి. కోలాటం తెలిసినవారు, తోటల నాటి పాటలు తెలిసినవారు, బాగన్ డాతో కొబ్బరి తోటల కబుర్లు తెలిసినవారు అక్కడ కూర్చోవాలి. మైకు వద్దు. చూపించడం ఒక్కటే కాదు, పక్కన నిలబెట్టి నేర్పాలి. పిల్లలకు అక్కడ ఏ రుసుమూ ఉండకూడదు. అక్కడికి వచ్చేవాడు తెలుగువాడా, తమిళుడా, చీనావాడా, మలాయివాడా అని అడగకూడదు. మన కోడళ్ళలో, అల్లుళ్ళలో తెలుగువారు కానివారు ఎందరో ఉన్నారు. వారి పిల్లలు సగం తెలుగు కారు, పూర్తిగా మనవాళ్ళే.

మూడవది. తరగతిలో పదకొండుమందే ఉన్నారని చిన్నబోవద్దు. ఫోగ్ల్ పంతులు మొదలుపెట్టిననాడు అంతమంది కూడా లేరు. మా అమ్మాయి మరో ముచ్చట చెప్పింది. మ్యూనిక్‌లోనే ఆదివారం తెల్లవారుజామున వంటవాళ్ళు, పనివాళ్ళు చేరి పార్కులో నాట్యమాడే ఆచారం ఉండేదట. 1904లో అధికారులు నిషేధించారు. 1989లో, ఎనభై అయిదేళ్ళ తరువాత, మళ్ళీ మొదలైంది. ఇప్పుడు జులై నెలలో ఆ ఒక్క ఉదయం ఆరుగంటలకే వేలమంది చేరుతున్నారు. నాట్యమైతే ఎనభై అయిదేళ్ళు నిద్రపోయి లేవగలదు, అడుగులు తెలిసినవాళ్ళు చుట్టుపక్కల ఉన్నారు గనుక. మన చుట్టుపక్కల ఎవరున్నారు? భాష ఒక తరం పాటు నోరు మూసుకుంటే లేపడానికి ఇక్కడ ఎవరూ ఉండరు.

తరగతి మంగళవారం, గురువారం రాత్రి ఏడుగంటలకు. పిల్లలున్నవారు పిల్లల్ని పంపండి. పిల్లలు పెద్దవాళ్ళయిపోయినవారు మీరే రండి. నలభయ్యో ఏట మాకు 'అ, ఆ'లు వచ్చాయంటే మీకు రాకపోవడమేమిటి? పలకలు మేము తెస్తాం. సర్వసభ్య సమావేశం నాడు చెయ్యెత్తే ముందు మీ ఇంట్లో అమ్మమ్మ అడిగే ప్రశ్నకు ఏ భాషలో జవాబు వస్తోందో ఒక్క పూట చెవిపెట్టి వినండి. మా కోరిక అంతే.